కర్సర్ గంతులేస్తోందా? షాపుకు పోయే ముందు ఇవి చూసుకోండి

దరఖాస్తు నింపుతుంటే కర్సర్ దానంతటదే పక్క గడిలోకి దూకుతుంది. ఒకచోట నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. బాణం గుర్తు వణుకుతుంది, లేదంటే ఓ మూలకు జారుతూనే ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇంజినీరింగ్ పిల్లల గదుల్లోనూ, గల్ఫ్ నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకున్న ఇళ్లలోనూ ఈ గోల కొత్తది కాదు. చాలామంది వైరస్ వచ్చిందనుకుని షాపుకు తీసుకుపోతారు. విండోస్ మళ్లీ వేయించి, డబ్బు కట్టి ఇంటికొస్తారు. ఛార్జర్ పెట్టగానే కర్సర్ మళ్లీ గంతులు మొదలుపెడుతుంది. ఎందుకంటే చాలాసార్లు లోపం ల్యాప్‌టాప్‌లో ఉండదు. ఇంటి కరెంటులో, దుమ్ములో, చేతి తడిలో ఉంటుంది. అందుకే కారణం తేలాకే జేబులో చెయ్యి పెట్టండి. కింద చెప్పినవాటిలో చాలావరకు ఇంట్లో ఎవరైనా చూసుకోగలిగినవే.

1. ముందు తప్పు దేనిదో తేల్చండి.
విడిగా మౌస్ వాడుతుంటే తీసేయండి. వైర్‌లెస్ మౌస్ అయితే దాని చిన్న రిసీవర్‌ను కూడా పీకేయండి. అప్పుడు టచ్‌ప్యాడ్‌తో కర్సర్ సాఫీగా కదిలితే తప్పు మౌస్‌ది. అప్పటికీ గంతులేస్తుంటే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. నెమ్మదిస్తే తప్పు కరెంటు దారిలో ఉంది. బ్యాటరీ మీదా అలాగే ఉంటే టచ్‌ప్యాడ్‌నో సాఫ్ట్‌వేర్‌నో అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మూడు నాలుగు కలిపి మారిస్తే బాగైనా సరే, దేనివల్ల బాగైందో తెలియదు.

2. టచ్‌ప్యాడ్ తుడవండి, చెయ్యి ఆరనివ్వండి.
టచ్‌ప్యాడ్ మన వేలి ఒత్తిడిని చూడదు. దాని కింద సన్నని విద్యుత్ వలయం ఉంటుంది. వేలు ఆనినచోట ఆ వలయంలో వచ్చే చిన్న మార్పును బట్టి వేలు ఎక్కడుందో లెక్కగడుతుంది. నీటి చుక్క పడితే ఇంకో వేలు ఆనిందని పొరబడుతుంది. కోరుట్ల వైపు ఇళ్లలో అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. తునికాకు మెత్తబడాలని తడిపి, తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. ఆకు కత్తిరించిన చేతికి తడి, జర్దా పొడి రెండూ అంటుకుంటాయి. అదే చేత్తో, దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ ఎత్తబోతే బాణం చెప్పిన మాట వినదు. పసుపు తవ్వి, ఉడకబెట్టే రోజుల్లో చేతికి అంటుకునే తడి కూడా అంతే. ల్యాప్‌టాప్ ఆపేసి, మెత్తటి బట్టను కొద్దిగా తడిపి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిబట్టతో మరోసారి తుడవండి. నీళ్లు గానీ, స్ప్రే గానీ నేరుగా టచ్‌ప్యాడ్ మీద కొట్టొద్దు.

3. ఛార్జర్ పెడితేనే గంతులేస్తే ఎర్త్ చూడండి.
మన ఇళ్లలో తరచూ పట్టించుకోని కారణం ఇదే. ఛార్జర్ దిమ్మలో కరెంటు గోలను వడపోసే భాగాలుంటాయి. వాటి గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ బాడీకి చేరుతుంది. ఎర్త్ బాగుంటే అది మూడో పిన్ను దారిన భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీదే నిలిచి, టచ్‌ప్యాడ్ లెక్కను చెడగొడుతుంది. ల్యాప్‌టాప్ లోహపు అంచును తాకితే చెయ్యి జివ్వుమంటోందా? ఉత్త కాళ్లతో బండల మీద నిలబడి ముడితే ఇంకా ఎక్కువగా తెలుస్తోందా? అయితే ఎర్త్ అందడం లేదని అనుమానించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టే కన్వర్షన్ ప్లగ్గు, ఎర్త్ తీగ లేని చవక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే పక్కన పెట్టి, నేరుగా గోడ మీది మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి చూడండి. జివ్వుమనడం దాటి గట్టిగా షాక్ కొడితే మాత్రం ఆ ఛార్జర్‌ను మళ్లీ ముట్టొద్దు.

4. గల్ఫ్ ల్యాప్‌టాప్‌కు ఇక్కడి వైరు కొనండి.
దుబాయ్, మస్కట్, దోహా, కువైట్‌లలో ప్లగ్గుకు మూడు బల్లపరుపు పిన్నులుంటాయి. అవి మన సాకెట్‌లో పట్టవు. దాంతో అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే కన్వర్టర్ తెచ్చి పెడతారు. చవక కన్వర్టర్లలో చాలావాటికి ఎర్త్ కలవదు. అక్కడ బాగా నడిచిన ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే పిచ్చిగా దూకడానికి అసలు కారణం ఇదై ఉండొచ్చు. ఛార్జర్ మొత్తం మార్చక్కర్లేదు. దిమ్మ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే అది ఇక్కడా పనిచేస్తుంది. గోడకూ దిమ్మకూ మధ్య ఉండే వైరు ఊడొస్తుంది. దిమ్మ వైపు మూడు చిల్లులుంటే అలాంటిదే, మన మూడు పిన్నుల ప్లగ్గుతో ఐఎస్‌ఐ ముద్ర ఉన్న వైరు కొనండి. కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. దిమ్మ వైపు రెండే చిల్లులుంటే దానికి ఎర్త్ లేనట్టే. అలాంటప్పుడు ముఖ్యమైన ఫారం నింపేటప్పుడు ఛార్జర్ తీసి నింపండి, లేదా యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి.

5. ఎర్త్ గుంతను ఎండబెట్టొద్దు.
మూడు చిల్లుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మూడో చిల్లు వెనక తీగే వేయని ఇళ్లున్నాయి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత తడి ఆరితే సరిగా పనిచేయదు. ఎండలు 45 డిగ్రీల దాకా పోయే మన దగ్గర, వేసవిలో దానికి తరచూ నీళ్లు పోయాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వోల్టేజీ వస్తుందో, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. గుంత గట్టిదనం ఎర్త్ టెస్టర్‌తోనే తెలుస్తుంది. సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. స్తంభం నుంచి మీటరు దాకా లోపం ఉంటే జగిత్యాల, కోరుట్లలో ఎన్‌పీడీసీఎల్‌కు, సిరిసిల్లలో 1970 నుంచి కరెంటు ఇస్తున్న సహకార సంఘం సెస్‌కు చెప్పాలి. ఇంట్లో ఎర్త్ బాధ్యత మాత్రం మనదే. పనిలో పనిగా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఎర్త్ లేని ఇంట్లో ఈరోజు కర్సర్‌ను వణికిస్తున్న లోపమే, రేపు తడి చేత్తో ఇనుప కూలర్ ముట్టిన పిల్లవాణ్ణి చంపగలదు. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

6. కరెంటు పోయినప్పుడే గంతులా?
ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే ఇలా అయితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. ఆ రకం ఇచ్చే కరెంటు గరుకుగా ఉంటుంది, ఆ గోల ఛార్జర్ దాటి టచ్‌ప్యాడ్ దాకా వస్తుంది. కరెంటు వచ్చేదాకా బ్యాటరీ మీద నడపండి. కొత్త ఇన్వర్టర్ కొనేటప్పుడు సైన్ వేవ్ రకం అడగండి.

7. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందేమో తడిమి చూడండి.
చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది. పాతబడి ఉబ్బితే టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తుంది. క్లిక్ గట్టిపడుతుంది, కర్సర్ దానంతటదే కదులుతుంది, మూత సరిగ్గా పడదు. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతుంది. ఇలా కనిపిస్తే వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి చదును చేయబోవద్దు. గుచ్చుకుంటే మండిపోయే వస్తువది. పరుపు మీద కాక బండల మీద పెట్టి, అదే రోజు సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోండి.

8. టైపు చేస్తుంటే లైను మారిపోతోందా?
అది అరచేతి పని. బొటనవేలి మొదలు టచ్‌ప్యాడ్‌కు తగిలి, కర్సర్ పై లైనులో పడుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్ వరుసగా తెరిచి సెన్సిటివిటీని మీడియం గానీ లో గానీ చేయండి. అక్కడే మౌస్ పెట్టినప్పుడు టచ్‌ప్యాడ్ పనిచేయాలా వద్దా అనే టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయండి. రోజంతా మౌస్‌తో ఫారాలు నింపే వాళ్లకు ఈ ఒక్క టిక్కుతో సగం బాధ తీరుతుంది.

9. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో చిన్న బొడిపె చూడండి.
సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ నుంచి పాత థింక్‌ప్యాడ్‌లు తెచ్చుకునే విద్యార్థులు ఎక్కువ. కొండగట్టు దగ్గర నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలైనా, సిరిసిల్ల పిల్లలైనా ఇది గుర్తుంచుకోవాలి. ఆ కీబోర్డు నడుమ ఎర్రటి రబ్బరు బొడిపె ఉంటుంది. అదీ కర్సర్‌ను కదిలించేదే. కర్సర్ ఒకే వైపు మెల్లగా జారుతుంటే చేతులు పూర్తిగా తీసేసి కొన్ని సెకన్లు ఆగండి, అది తనను తాను సరిచేసుకుంటుంది. అయినా జారుతూనే ఉంటే సెట్టింగ్స్‌లో ఆ బొడిపెను ఆపేయండి. బొడిపె మీది రబ్బరు టోపీ అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు.

10. మౌస్ బోర్లించి చిల్లు చూడండి.
మౌస్ అడుగున చిన్న కెమెరా ఉంటుంది. కింద ఉన్న తలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి మౌస్ ఎటు కదిలిందో చెబుతుంది. ఆ చిల్లుకు ఒక్క పోగు అడ్డం పడినా బాణం వణుకుతుంది. సిరిసిల్లలో బీవై నగర్, సుందరయ్య నగర్ లాంటి చోట్ల సాంచెలు (మరమగ్గాలు) నడిచే ఇళ్లలో నూలు పీచు గాలిలోనే ఉంటుంది, రాత్రికి రాత్రే బల్ల మీద పొర కడుతుంది. పొడి బ్రష్షుతోనో చెవిపుల్లతోనో ఆ పీచు తీసేయండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. గాజు బల్ల, నున్నటి గ్రానైట్ మీద చాలా మౌస్‌లు తడబడతాయి. కింద ఓ నోట్‌బుక్ అట్ట వేసి చూడండి.

11. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదిలితే.
ముందు సెల్లు మార్చండి. ఆ తర్వాత రిసీవర్ స్థలం మార్చండి. ఈ మౌస్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. పక్కనే నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో ఉంటే ఆ తరంగాలకు అడ్డు తగులుతుంది. రిసీవర్‌ను రెండో వైపు పోర్టులో పెట్టండి, లేదా చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్ దగ్గరికి తెచ్చుకోండి.

12. వేడెక్కి మొరాయిస్తోందా?
కర్సర్ దూకకుండా మధ్యమధ్యలో బిగుసుకుపోతుంటే అది భారం లక్షణం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ప్రోగ్రాం ఎక్కువ తింటోందో చూసి మూసేయండి. అడుగున గాలి రంధ్రాలు దుమ్ముతో, పీచుతో మూసుకుపోతే వేడి బయటికి పోదు. పరుపు మీద పెట్టి వాడొద్దు. సాంచెలున్న ఇళ్లలో ఏడాదికోసారైనా ఫ్యాన్ విప్పించి శుభ్రం చేయించండి.

13. అప్‌డేట్ తర్వాతే మొదలైతే డ్రైవర్ చూడండి.
విండోస్ కీతో పాటు ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ లేదా మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్‌లో మీ టచ్‌ప్యాడ్ పేరు మీద ప్రాపర్టీస్, డ్రైవర్ చూడండి. రోల్ బ్యాక్ అనే బటన్ వెలుగుతుంటే నొక్కండి. లేకపోతే తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరుకు సరిపడే డ్రైవర్ వేసుకోండి. డ్రైవర్లు ఉచితమంటూ కనిపించే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోవద్దు.

14. టచ్‌స్క్రీన్ అయితే తెరనూ అనుమానించండి.
పగిలిన మూల, చెమ్మ ఉంటే ఎవరూ ముట్టకుండానే తెర ముట్టినట్టు భావిస్తుంది. డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద ఉన్న టచ్‌స్క్రీన్‌ను డిసేబుల్ చేసి చూడండి. గంతులు ఆగితే తప్పు తెరది.

15. ఎవరో నడిపిస్తున్నట్టు కదిలితే ఇంటర్నెట్ కట్ చేయండి.
లోపం వల్ల కదిలే కర్సర్‌కు గురి ఉండదు. బ్యాంకు పేజీ తెరవడం, మీ ఫైళ్లు వెతకడం లాంటి గురి కనిపిస్తే అది లోపం కాదు, మనిషి. బ్యాంకు పేరో గల్ఫ్ వీసా పేరో చెప్పి, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేయించే మోసగాళ్లున్నారు. వెంటనే వైఫై ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి, డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

16. గడువు దగ్గరుంటే కీబోర్డుతో గట్టెక్కండి.
ఫీజు కట్టే చివరి గంటలో మరమ్మతు పెట్టుకోవద్దు. ట్యాబ్‌తో తర్వాతి గడికి, షిఫ్ట్, ట్యాబ్‌తో వెనక గడికి పోవచ్చు. స్పేస్‌తో టిక్కు పడుతుంది. ఆల్ట్, కింది బాణం నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. కుడివైపు అంకెల కీలుంటే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి, తెర మీద వచ్చే ప్రశ్నకు యెస్ అనండి. ఆ అంకెలే బాణాన్ని కదిలిస్తాయి, 5 నొక్కితే క్లిక్.

17. షాపుకు పోవాల్సి వస్తే ఈ మాటలు అడగండి.
కింద పడ్డాకో, నీళ్లు ఒలికాకో మొదలైతే లోపల టచ్‌ప్యాడ్ రిబ్బన్ తీగ వదులై ఉండొచ్చు, అది షాపు పనే. ఛార్జర్ వెంట తీసుకుపోండి, మీ ఎదుటే వాళ్ల ఛార్జర్‌తోనూ నడిపి చూడమనండి. విండోస్ మళ్లీ వేయాలంటే ఎందుకో అడగండి, ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసుకోండి. మార్చిన పాత భాగాన్ని, రసీదును అడిగి తెచ్చుకోండి.

ఈ వరుసలో మొదటి నాలుగింటికి పెద్ద ఖర్చు లేదు. ఒకపూట పెడితే చాలు. ఐదోది మాత్రం ల్యాప్‌టాప్ లేని ఇళ్లకు కూడా అవసరమే. ఈ వేసవి కూలర్ బయటికి తీసేలోపే మీ ఇంటి ఎర్త్ కొలిపించండి.