గ్రామఫోను రికార్డులు - రుచిభేదము

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని పెద్దలు చెప్పుదురు. చెవి విషయమును నట్టిదే. కరీంనగరు పల్లెలలో ఒగ్గుకథ డోలునకు పులకించు చెవికి వీణానాదము చప్పగా తోచవచ్చును. ఆదిలాబాదు గోండులకు పర్ధానులు వాయించు కిక్రి ప్రాణసమానము, పట్టణవాసికది వింత.

మన దేశమున 1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేయబడెను. నిమిషమునకు సుమారు 78 మారులు తిరుగు ఆ పది అంగుళముల లక్కపలకపై సుమారు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. గంటసేపు విస్తరింపదగిన రాగమును గాయకులు అంతలోనే ముగింపవలసివచ్చెను. కావున తెలియని సంగీతమును అట్టి రికార్డువలన ఒక్కమారు విని తూచుట కష్టము.

మేమొకప్పుడు పరుల ప్రశంసను నమ్మి, వినకయే రెండు ఖయాలు రికార్డులు కొంటిమి. రెండును రుచింపలేదు. సొమ్ము వృథాయయ్యెనని వగచితిమి. పిమ్మట హిందూస్థానీ గాయకుడగు అబ్దుల్ కరీంఖాను (1872-1937) పాడిన త్యాగరాజకృతి "రామ నీ సమానమెవరు" వినుట తటస్థించెను. కృతి తెలిసినది, బాణీ తెలియనిది. ఆ వంతెన దాటి మరల మా రికార్డులను వింటిమి. ఒకటి తీయనయ్యెను. రెండవది నేటికిని రుచింపదు, అందులకు సిగ్గుపడము.

విద్యార్థులారా! నేడు చేతి ఫోనులోనే ముందుగా వినవచ్చును. తల్లిదండ్రుల సొమ్ము వెచ్చించుటకు ముందు పలుమారులు వినుడు. తెలిసినదానినుండి తెలియనిదానికి నడువుడు. "నాకు నచ్చలేదు" అనుట సత్యము కావచ్చును. "అది చెడ్డది" యనుటకు మాత్రము మరింత వినికిడి కావలెను.