పగడం రాయా? చెట్టా? (ఒక ప్రయాణ పాఠం)

పిల్లలూ! మన తెలుగు బడిలో నవరత్నాల పేర్లు చెప్పించేటప్పుడు ఎవరో ఒకరు "పగడం అంటే ఏ రంగు రాయి?" అని అడుగుతారు. "ఎర్ర రాయి" అని చెప్పి ముందుకు వెళ్ళిపోవడం మాకు అలవాటు. 2025 జూలై సెలవుల్లో ఉత్తర క్వీన్స్‌లాండ్ వెళ్ళి వచ్చాక ఆ జవాబు తప్పని తెలిసింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ పాఠం.

రౌస్ హిల్‌లో హీటర్లు వేసుకుని కూర్చునే రోజుల్లో కెయిర్న్స్‌లో ఫ్యాను తిరుగుతుంటుంది. జూలైలో వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. నవంబరు నుంచి మే వరకు అక్కడి తీరంలో విషపు జెల్లీచేపల భయం ఎక్కువ. అమ్మమ్మను అంత దూరం కారులో కూర్చోబెట్టలేం కనుక విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకున్నాము.

కెయిర్న్స్ నుంచి పోర్ట్ డగ్లస్‌కు వెళ్ళే దారి పేరు కెప్టెన్ కుక్ హైవే. ఎడమచేతివైపు కొండ, కుడిచేతివైపు సముద్రం. అచ్చం విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలాగే ఉందని అమ్మమ్మ మురిసిపోయింది. మలుపు మలుపుకీ కారు ఆపమంది. గంటలో పోవలసిన దారి మాకు మూడు గంటలు పట్టింది.

మర్నాడు పోర్ట్ డగ్లస్ నుంచి పడవలో గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్ళాము. రీఫ్‌ను తెలుగులో పగడపు దిబ్బ అంటారు. కానీ ఇది ఒక దిబ్బ కాదు, సుమారు 3,000 దిబ్బల వరుస. పొడవు 2,300 కిలోమీటర్లు. 1981లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

అందరం లైక్రా సూట్లు వేసుకుని, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని దిగాము. మా చిన్నమ్మాయి మాత్రం అద్దంలోకి నీళ్ళు వచ్చేసరికి ఏడ్చి మెట్టు ఎక్కేసింది. "మా ఊళ్ళో గోదావరి రేవులో నేను ఏ గొట్టమూ లేకుండానే ఈదాను, పద" అని అమ్మమ్మ అంటే కానీ మళ్ళీ దిగలేదు. దిగాక పైకి రమ్మంటే రాలేదు, అది వేరే సంగతి.

నీటి అడుగున జింకకొమ్ముల్లాంటివి, కాలీఫ్లవరులాంటివి, బోర్లించిన గంగాళాల్లాంటివి ఎన్నో కనిపించాయి. చూస్తే చెట్లు. ముట్టుకుంటే రాళ్ళు (ముట్టుకోకూడదు, కాలు అసలే మోపకూడదు). నిజానికి అవి జంతువులు! పాలిప్ అనే చిన్న మెత్తని ప్రాణి సముద్రపు నీటిలోంచి సున్నం తీసి తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. అలాంటివి వేలు, లక్షలు కలిసి ఉంటే అది పగడం. బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూ మాత్రమే పెరుగుతాయి. మన ఎత్తు బండ కనిపిస్తే దాని వయసు మీరే లెక్క కట్టండి.

ఆ పాలిప్ ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. నాచు ఎండతో ఆహారం తయారుచేసి ఇంటివాళ్ళకు పెడుతుంది. అద్దె కింద అనుకోండి. పగడానికి కావలసిన తిండిలో చాలా భాగం ఇలా వచ్చేదే. చాలా పగడాల రంగూ ఆ నాచుదే. ఎండ అందాలి కనుక నీళ్ళు తేటగా ఉండాలి. మన కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో ఇలాంటి దిబ్బలు ఎందుకు లేవంటారా? గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుమట్టి వల్ల అక్కడి నీరు తేటగా ఉండదు. ఆ మట్టి వరికి వరం, పగడానికి కాదు.

పడవ మీదికి వచ్చాక అమ్మమ్మ తన నల్లపూసల మధ్య ఉన్న రెండు పగడాలను పట్టుకుని "ఇవీ ఇక్కడివేనా? ఇవీ ప్రాణమున్నవేనా?" అని అడిగింది. మేము తడుముకున్నాము. పడవలో ఉన్న గైడు చెప్పింది విని, ఇంటికి వచ్చాక పుస్తకాల్లో సరిచూసుకున్నాము. నగల్లో వాడే ఎర్ర పగడం వేరే జాతి. ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో వెలుగు తక్కువగా ఉండే చోట్ల పెరుగుతుంది. దానికి నాచుతో పనిలేదు. ఎరుపు దాని సున్నంలోనే ఉంది. కానీ అదీ ఒకప్పుడు ప్రాణమున్నదే. అమ్మమ్మ ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు.

మేము చూసినదంతా రంగులే కాదు. కొన్నిచోట్ల కొమ్మలు విరిగిపడి, బూడిదరంగు నాచు పట్టి ఉన్నాయి. నీరు మామూలు వేసవి వేడి కన్నా ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడు తెల్లని సున్నం బయటపడుతుంది. తెలుగులో 'తెల్లబోవడం' అంటే ఆశ్చర్యంతో నోరు తెరవడం. ఇక్కడ అక్షరాలా తెల్లబోవడమే. వెంటనే చల్లబడితే నాచు తిరిగి వస్తుంది, లేకపోతే పగడం ఆకలితో చచ్చిపోతుంది. ఇలా పెద్ద ఎత్తున తెల్లబోయిన సంవత్సరాలు చూడండి: 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025. సంవత్సరాల మధ్య ఎడం ఎలా తగ్గుతోందో గమనించారా? కోలుకోవడానికి సుమారు పదేళ్ళు కావాలి.

అయితే అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య పౌర్ణమి దాటిన కొన్ని రాత్రులలో పగడాలు ఒక్కసారిగా కోట్ల గుడ్లు వదులుతాయి. ఇంచుమించు మన కార్తీక దీపాల రోజులన్నమాట. కొత్త పగడాలు వాటినుంచే పుడతాయి.

మూడవ రోజు ఇంకా ఉత్తరానికి వెళ్ళాము. డెయిన్‌ట్రీ నది మీద వంతెన లేదు. ఇనుప తాడు పట్టుకుని నడిచే బల్లకట్టు మీద కారు దాటించారు. గోదావరి పంటు గుర్తుకొచ్చింది కానీ, ఇక్కడ నదిలో మొసళ్ళున్నాయి! ఆవలి ఒడ్డున ప్రపంచంలోని అతి పురాతనమైన వర్షారణ్యాలలో ఒకటి. ఈ అడవులకూ 1988లో వారసత్వ గుర్తింపు వచ్చింది. అడవి వేళ్ళు, మడ చెట్ల వేళ్ళు మట్టిని పట్టి ఉంచితేనే రీఫ్ దగ్గర నీరు తేటగా ఉంటుంది. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వచ్చినప్పుడు ఈ దారిలో కొండచరియలు విరిగిపడి రోడ్డే తెగిపోయింది.

ఈ అడవిలో మనవాళ్ళు చాలామంది కనిపించారు. తీరం వెంట పొన్న చెట్టు ఉంది, మన ఊళ్ళలో ఉండే పొన్నే. మొగలి చుట్టాలున్నాయి. ముళ్ళతో చొక్కా పట్టుకుని వదలని ఒక తీగ ఉంది. దాన్ని ఇక్కడివాళ్ళు సరదాగా 'వెయిట్ ఎ వైల్' అంటారు. అది పేము జాతిదే. చిన్నప్పుడు మా మాస్టారి చేతిలో ఉన్న బెత్తానికి స్వయానా బంధువు! ఇప్పుడైనా మమ్మల్ని వదలలేదు. కాసోవరీ పక్షి కనపడలేదు కానీ, దానికోసం మెల్లగా వెళ్ళమనే బోర్డులు అడుగడుగునా ఉన్నాయి. ఆ పక్షుల్లో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని పెంచేదీ నాన్నే. మింగిన పండ్ల గింజలను అడవంతా చల్లేదీ అదే.

దారి చివర కేప్ ట్రిబ్యులేషన్. అంటే 'కష్టాల అగ్రం'. 1770 జూన్ 11 రాత్రి కెప్టెన్ కుక్ ఓడ దగ్గరలోని దిబ్బకు తగులుకుంది. తేలడానికి ఫిరంగులు కూడా సముద్రంలో పారేశారు. తరువాత ఓడ బాగుచేసుకున్న చోటనే, గూగూ యిమిదిర్ భాషలోని 'గంగుర్రు' అనే మాటను రాసుకున్నారు. అదే కంగారూ. మన భాషలో కంగారు అంటే ఏమిటో ఆ రాత్రి వాళ్ళకు బాగా తెలిసే ఉంటుంది!

కానీ ఆ చోటుకు అంతకుముందే కుల్కి అనే పేరుంది. ఇక్కడివారు కుకు యలంజి ప్రజలు. కుకు అంటే మాట, భాష. జాతి పేరులోనే భాష ఉందన్నమాట. 2021లో డెయిన్‌ట్రీ జాతీయ వనాన్ని ప్రభుత్వం వారికి తిరిగి అప్పగించింది.

ఇక మీ వంతు. జవాబులు తెలుగులోనే రాయండి.

పగడానికి రంగు ఎక్కడినుంచి వస్తుంది? అమ్మమ్మ పగడానికీ, మేము చూసిన పగడానికీ తేడా ఏమిటి? పంటు, పేము, పొన్న, మడ, ఒండ్రు: ఈ మాటల్లో మీకు కొత్తవి ఏవి? అమ్మానాన్నలకు కూడా తెలియకపోతే ఫోనులో తాతగారిని, నానమ్మను అడగండి. మీ ఇంట్లో పగడం ఉంటే, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో కనుక్కుని రాసుకురండి.