జ్వరం దిగుతుంది, దాహం తీరుతుంది

మొన్న సాయంత్రం మిక్సీ జార్ తిరిగిచ్చేద్దామని కింది ఫ్లాట్‌కి వెళ్లాను. ఫ్రిజ్ తలుపు మీద, పాల లెక్క పక్కన, అంచున పసుపు మరకతో ఓ కాగితం అంటించి ఉంది. మిటిగేట్: తగ్గించు. అలీవియేట్: తగ్గించు. అలే: తగ్గించు.

పాప కోసం ఆరేళ్లు ఇంటిపట్టున ఉండి, మళ్లీ ఉద్యోగంలో చేరాలని చూస్తోంది ఆ ఫ్లాట్ చెల్లి. పప్పులో పోపు వేస్తూనే అడిగింది: "మూడింటికీ తగ్గించడమే అర్థమైతే, ఇన్ని మాటలెందుకక్కా వీళ్లకి?"

చెల్లెళ్లూ, ఇది ఆ ఒక్కపిల్ల ప్రశ్న కాదు. మా బాచుపల్లిలో పొద్దున్నే మియాపూర్ రోడ్డు మీద క్యాబులో ఇరుక్కుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ‘రోజుకు పది పెద్ద మాటలు’ వినుకుంటూ హైటెక్ సిటీకి పోయే ఆడపిల్లలందరిదీ. పదివేల మాటలు బట్టీ పట్టినా, మీటింగులో నోరు తెరిచేసరికి ఒక్కటీ రాదు. ఎందుకంటారు?

నేను తిరిగి ఆమెనే అడిగాను. "పాపకి వచ్చిన జ్వరం ఏమవుతుంది?" "దిగుతుంది." "దాహం?" "తీరుతుంది." "మీ ఆయన కోపం?" "చల్లారుతుంది, లేటుగా." "మరి జ్వరం తీరిందనీ, దాహం దిగిందనీ ఎప్పుడైనా అన్నావా?" పకపకా నవ్వింది. ఇవన్నీ తగ్గడాలే. కానీ ఏ మాట దేని పక్కన కూర్చోవాలో మనకి బడిలో ఎవరూ చెప్పలేదు. అమ్మ నోట, అమ్మమ్మ నోట జంటగా విన్నాం, జంటగానే గుర్తుండిపోయాయి.

ఇంగ్లిష్‌దీ అదే దారి. అలే భయాల వెంట, అనుమానాల వెంట తిరుగుతుంది. అలీవియేట్‌కి నొప్పీ, పేదరికమూ, బాధలూ కావాలి. మిటిగేట్ రిస్కు పక్కన ఉంటుంది. ఆఫీసులో రోజూ వినే ‘రిస్క్ మిటిగేషన్’ అదే. ముప్పు పూర్తిగా పోదు, దాని దెబ్బ మాత్రం మెత్తబడుతుంది. అర్థం ఒక్కటే రాసుకుంటే సగం మాటే నేర్చుకున్నట్టు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదులెండి. పన్నెండేళ్ల కిందట వీడియో కాల్‌లో ఓ అమెరికా సహోద్యోగి తన పెళ్లి ఫొటో చూపించాడు. మన పెళ్లి ప్రకటనల్లో ‘హోమ్లీ గర్ల్’ అంటే ఎంత మెచ్చుకోలు! అదే అనేశాను, మీ ఆవిడ చాలా హోమ్లీగా ఉన్నారని. అటువైపు నిశ్శబ్దం. అమెరికాలో ఆ మాటకి అందచందాలు లేని మనిషి అని అర్థం. కాల్ అయ్యాక తోటి అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. మర్నాడు క్షమాపణ మెయిల్ రాయడానికి గంట పట్టింది.

‘ఎక్స్‌పైర్’ కూడా అలాంటిదే. తాతగారు ఎక్స్‌పైర్ అయ్యారని సెలవు చీటీలో రాస్తాం. మన దగ్గర చెల్లిపోతుంది గానీ, బయటివాళ్లకి గడువు దాటిన పాల ప్యాకెట్టో, పాస్‌పోర్టో గుర్తొస్తుంది. తాతగారు కాలం చేశారంటాం. గోడమీద బల్లి కాలం చేసిందంటామా? మాటకి మర్యాద కూడా ఉంటుంది.

ఇదే తిప్పలు మన భాషలో పడ్డ తెల్లదొర సి.పి. బ్రౌన్. 1817లో మద్రాసుకి ఉద్యోగానికొచ్చి, 1820లో కడపకి వెళ్లాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని కావ్యాలు చదివాడు. అక్కడితో ఆగలేదు, జనం నోట నలిగే మాటల్నీ ఏరుకున్నాడు. ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. అంటే వచ్చాక ముప్పై అయిదేళ్లు! మనం మాత్రం ముప్పై రోజుల్లో కావాలంటాం.

భాషల మధ్య రాకపోకలు రెండువైపులా ఉంటాయి. తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉన్న బాచుపల్లిలో కూర్చుని ఇంగ్లిష్ గురించి మాట్లాడుతూ, మన పందికొక్కుని మర్చిపోతే ఎలా? ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘బాండికూట్’ అయింది. అక్కడినుంచి ఆస్ట్రేలియా దాకా పోయి, ఏ చుట్టరికమూ లేని ఇంకో జంతువుకి పేరై కూర్చుంది. మన కొక్కుకే అంత ధైర్యముంటే, మనకెందుకమ్మా జంకు?

ఇక చేయాల్సింది చెబుతాను, నోటుబుక్కు తెచ్చుకోండి. రోజుకి మూడు మాటలు చాలు. మాట పక్కన తెలుగు అర్థం ఒక్కటే కాదు, దాని జోడీ రాయండి. దాని కింద ఇవాళ మీ ఇంట్లోనో ఆఫీసులోనో జరిగినదాని మీద సొంత వాక్యం ఒకటి. జోడీ ఎక్కడ దొరుకుతుందంటే, నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నిఘంటువుల్లో. జపాన్‌లో పాఠాలు చెప్పిన హార్న్‌బీ అనే మాస్టారు అక్కడి పిల్లల తడబాట్లు చూసే అలాంటిది తయారుచేశాడు. 1942లో టోక్యోలో వచ్చింది, 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు వేస్తున్నారు.

రాసింది మర్నాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి, వారానికి మళ్లీ ఒకసారి చూడండి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పెద్దాయన అర్థంలేని అక్షరాలు తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మర్చిపోతామో 1885లోనే లెక్కగట్టాడు. మరుపు మీ ఒక్కరి లోపం కాదు, మనిషి తీరే అంత.

జీఆర్‌ఈ రాసే పిల్లలున్న అక్కలకి ఒక్క మాట. వ్యతిరేకార్థాలు అడిగే ప్రశ్నల్ని ఆ పరీక్షలోంచి 2011లోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు పూరించాలి. మాట పక్కన ఏ మాట సరిపోతుందో తెలిసినవాళ్లదే మార్కు.

నిన్న మళ్లీ కిందికి వెళ్లాను. ఫ్రిజ్ మీద కొత్త కాగితం. అలే పక్కన ‘భయాలు’, కింద ఆమె చేతిరాతతో ఇంటర్వ్యూ మీద ఓ వాక్యం. పాప దాన్ని కూడబలుక్కుని చదివి, "అమ్మా, నీ భయం అలే అయిందా?" అంది. చెల్లి గరిటె పక్కన పెట్టి, కూతురి జడ సరిచేస్తూ అంది కదా: "దానంతటది అవదు బంగారం. మనమే చెయ్యాలి."

వ్యాకరణం ప్రకారం కూడా అది సరైన జవాబే.