సంధానం – అరిష్టం జాడీ, తరవాణి కుండ

గత సంక్రాంతికి అమెరికా నుంచి మా అన్నగారి కుమారుడు కొల్లేటికోట వచ్చినాడు. అక్కడ 1978లో చట్టం మారినందున, ఇంటి వాడకం కోసం మితంగా బీరు కాచుకొనుట నేరం కాదట. ఒక్కొక్క విడతకు సుమారు పంతొమ్మిది లీటర్లు కాచి, ఉక్కు పీపాలో నింపి, వాయువుతో ఒత్తిడి పెట్టి చల్లగా నిలువ చేస్తాడట. "బాబాయిగారూ, మన శాస్త్రంలో ఇటువంటిది ఉన్నదా?" అని అడిగినాడు. "ఉన్నది నాయనా, అయితే మనవారు దానిని విందు కోసం కాక మందు కోసం ఎక్కువగా అభ్యసించినారు" అని చెప్పినాను. ఆ సంభాషణే ఈ వ్యాసానికి మూలం.

సంధానం అంటే ఏమిటి?

ద్రవ్యాలను నీటితోగాని, కషాయంతోగాని కలిపి, పాత్రలో మూసి, కాలవశాన పులియనిచ్చుటను సంధానం అంటారు. ఇది రెండు విధాలు. మద్యం పుట్టేది ఒకటి: సుర, ఆసవం, అరిష్టం ఈ కోవలోనివి. పులుపు పుట్టేది రెండవది: కాంజికం, శుక్తం ఈ కోవలోనివి. మొలకెత్తిన యవలతో చేసే బీరు మొదటి తెగకు, మన తరవాణి రెండవ తెగకు చెందుతాయి.

కాచకుండా పచ్చి ద్రవ్యాలతో చేసినది ఆసవమనీ, కషాయం కాచి చేసినది అరిష్టమనీ శార్ఙ్గధరుడు విభజించినాడు. లోపల జరిగే పనిని 19వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ వివరించినాడు. ఈస్టు అనే సూక్ష్మజీవి తీపిని తిని మద్యసారాన్ని, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆ తరువాత గాలి సోకితే వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ మద్యసారాన్ని పులిసిన సిర్కాగా మార్చివేస్తాయి. కనుక సంధానమంతా పాత్రను ఎప్పుడు వదులుగా ఉంచవలెను, ఎప్పుడు బిగించవలెను అనే వివేకంపైన ఆధారపడి ఉన్నది.

వైద్యుని జాడీ

పాళ్లు చెప్పని చోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తుల బెల్లం, బెల్లంలో సగం తేనె, పదవ వంతు ప్రక్షేప చూర్ణం అని శార్ఙ్గధరుని నియమం. నేటి లెక్కలో ద్రోణం 12.288 లీటర్లు, తుల 4.8 కిలోలు. పులియుటకు ధాతకీ పుష్పాలు, అనగా ఆరెపువ్వు, చేరుస్తారు. పాత్ర లోపల నెయ్యి పూసి, ధూపం వేసి, ముప్పాతిక వంతు మాత్రమే నింపవలెను. మూకుడు పెట్టి, మట్టి పూసిన గుడ్డతో చీలమన్ను చేసి, వడ్లరాశిలో పూడ్చేవారు. ధాన్యపు రాశి వేడిని నిలకడగా ఉంచుతుంది.

గురుకులంలో ఉన్నప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పెదను. ద్రాక్షారిష్టం కలిపిన మూడవనాడే, పొంగు తగ్గకముందే, జాడీ మూతి గట్టిగా బిగించినాను. రాత్రి పెద్ద చప్పుడైనది. తెల్లవారి చూడగా జాడీ మూడు చెక్కలై, నెల రోజుల శ్రమ నేలపాలైనది. గురువుగారు కోపించలేదు. "మూయుటకు ముందు వినవలెను" అని మాత్రమే అన్నారు. జాడీకి చెవి ఆనిస్తే పొంగుతున్నంతకాలం సుయ్‌మని శబ్దం వినబడుతుంది. వెలుగుతున్న వత్తిని మూతి దగ్గరకు తెస్తే వాయువు వల్ల ఆరిపోతుంది. శబ్దం అణగి, వత్తి ఆరక వెలిగి, ఆరెపువ్వు అడుగునకు దిగి, ద్రవం తేటపడితే సంధానం ముగిసినట్లు. అప్పుడు వడకట్టి, బిగించి నిలువ చేయవలెను. మా వాడి ఉక్కు పీపా ఒత్తిడిని భరించుటకే తయారైనది. ఎక్కువైతే విడుచుటకు దానికి కవాటం ఉన్నది. మన ఊరగాయ జాడీకిగాని, గాజు సీసాకుగాని ఆ శక్తి లేదు.

ఇంటివారికి తగినది తరవాణి

అనుమతి లేకుండా ఇంట మద్యం తయారుచేయుట మన రాష్ట్రంలో నేరం. అరిష్టాలను లైసెన్సు గల తయారీదారుల నుంచిగాని, వైద్యుని నుంచిగాని పొందుటయే ఉచితం. గృహిణులకు తగిన సంధానం తరవాణి.

శుభ్రమైన మట్టికుండలో చల్లారిన గంజి ఒక లీటరు, కాచి చల్లార్చిన నీరు రెండు లీటర్లు, గుప్పెడు అన్నం వేయవలెను. మూతికి పలుచని గుడ్డ కట్టి నీడపట్టున ఉంచితే, వేసవిలో రెండు మూడు రోజులకు శుభ్రమైన పుల్లని వాసన వస్తుంది. పైతేట తీసుకొని, ఉప్పు, అల్లం, కరివేపాకు చేర్చి అన్నంలో కలుపుకొనవచ్చును. తీసినంత మేర గంజి, కాచి చల్లార్చిన నీరు తిరిగి పోయవలెను. వారానికొకసారి కుండ కడిగి ఎండబెట్టవలెను. బూజు పట్టినా, జిగురు సాగినా, కుళ్లు వాసన వచ్చినా సంకోచించక పారబోయవలెను. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పులుపుకు పనికిరావు. చేపల చెరువుల నీరు, మురుగు కలుస్తున్న మా కొల్లేటి ప్రాంతంలో శుద్ధమైన మంచినీటినే కాచి వాడవలెను. ఆమ్లపిత్తం, చర్మవ్యాధులు గలవారికి తరవాణి హితం కాదు.

అరిష్టం ఎవరికి తగదు?

అరిష్టాలలో సాధారణంగా 5 నుంచి 10 శాతం మద్యసారం స్వయంగా పుడుతుంది. ఈ సంగతిని నేను ఒకసారి ఏమరినాను. మా చుట్టుపక్కల గ్రామపు రైతు ఒకరు అజీర్ణంతో వచ్చినారు. భోజనానంతరం నాలుగు చెంచాల అరిష్టం, సమానంగా నీరు కలిపి తీసుకొమ్మని నెలకు సరిపడు సీసా ఇచ్చినాను. ఐదవనాడు ఆయన భార్య ఖాళీ సీసా తెచ్చి నా ముందు పెట్టినది. "నాలుగేళ్లుగా ముట్టలేదండీ. ఈ సీసా అయిపోగానే మళ్లీ దుకాణానికి పోయినారు" అన్నది. ఆయన త్రాగుడు మానినవాడని నాకు తెలియదు. తెలియకపోవుటకు కారణం నేను అడగకపోవుటయే. ఆయన తిరిగి మానుటకు ఏడాది పట్టినది.

నాటి నుంచి అరిష్టం ఇచ్చుటకు ముందు ప్రతివారిని ఆ ప్రశ్న అడుగుతున్నాను. మద్యం మానినవారు, కాలేయవ్యాధి గలవారు, గర్భిణులు తమంతట తాము అరిష్టాలు కొని వాడరాదు. బెల్లం ఉన్నందున మధుమేహులు, మద్యసారం ఉన్నందున పసిపిల్లల తల్లిదండ్రులు వైద్యుని అడిగి తీరవలెను. ఇంగ్లీషు మందులు వాడుతున్నవారు ఆ సంగతి దాచరాదు. ఇటువంటివారికి అదే గుణం గల చూర్ణం, కషాయం మన శాస్త్రంలో సమృద్ధిగా ఉన్నవి.

జాడీ మూయుటకు ముందు వినవలెనని గురువుగారు నేర్పినారు. మందు ఇచ్చుటకు ముందు కూడా వినవలెనని ఆ ఇల్లాలు నేర్పినది. పాఠకులు వైద్యుడు అడుగనప్పటికీ తమ అలవాట్లను, వాడుతున్న మందులను తామే ముందుగా చెప్పవలెనని నా మనవి.