కొండదారిలో స్కౌటు విద్య

1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవైమంది బాలురతో నడిపిన శిబిరం స్కౌటు ఉద్యమానికి నాంది. మన దేశంలో 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ‘సిద్ధంగా ఉండు’ అన్నది స్కౌటు నినాదం.

అరకు కొండల్లో ఈ మాటకు బరువు ఎక్కువ. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను డోలీలో మోసుకురావలసి వస్తోంది. కనుక ఇక్కడి స్కౌట్లకు, గైడ్లకు ముందు నేర్పవలసినవి మూడు.

ముడులు: రీఫ్ ముడి చదునుగా ఉంటుంది, గాయపు కట్టు చివరలను కలపడానికి మంచిది. క్లోవ్ హిచ్ తాడును కర్రకు పట్టిస్తుంది. బోలైన్ ఉచ్చు బరువు పడినా బిగుసుకోదు. అడ్డనారతో తాడు పేనే ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇవి కొత్త విద్యలేం కావు.

స్ట్రెచర్: రెండు గట్టి వెదురుబొంగులు, ఒక దుప్పటి చాలు. దుప్పటిని మూడు భాగాలనుకుని, మొదటి భాగం చివర ఒక బొంగు పెట్టి మడవాలి. ఆ మడత అంచుకు కాస్త ఇవతల రెండో బొంగు పెట్టి, మిగిలినది దానిపైకి మడవాలి. పడుకున్నవారి బరువుకే మడతలు పట్టు ఇస్తాయి. ముందు ఒక స్కౌటును పడుకోబెట్టి, తక్కువ ఎత్తులో ఎత్తి చూడాలి.

పాముకాటు: కోయకూడదు, పీల్చకూడదు, తాడు బిగించకూడదు. కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి.

రోడ్లు వేయడం ప్రభుత్వం పని. అవి వచ్చేదాకా దారిలో ప్రాణం నిలపడం మన పిల్లలూ నేర్చుకోదగ్గ పనే. దాతలు ఒక్కో బడికి తాళ్లు, దుప్పట్లు, ప్రథమచికిత్స పెట్టె సమకూర్చినా గొప్ప మేలు.