జావా భాషలో సంఖ్యలకు చోటు కేటాయించు విధము

విద్యార్థులారా, ధాన్యమును గాదెలో రాశిగా పోసినచో కొంచెము చోటు చాలును. ఒక్కొక్క గింజను వేర్వేరు సంచిలో కట్టినచో గింజలకంటె సంచులకే యెక్కువ చోటు పట్టును. కంప్యూటరు మెమరీలో సంఖ్యలను దాచుటయు నిట్టిదే.

1995వ సంవత్సరమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు ప్రకటించిన జావా భాషలో "ఇంట్" అను ప్రాథమిక సంఖ్యకు 4 బైట్లు చాలును. దానినే "ఇంటిజర్" అను వస్తువుగా చేసినచో, 64 బిట్ల యంత్రములయందు సాధారణముగా 16 బైట్లగును. ఆ వస్తువున్న తావును గుర్తుంచుకొనుటకు మరి 4 బైట్లు కావలెను. కావున వేర్వేరు సంఖ్యలు పది లక్షలున్నచో, మొదటి విధమున 40 లక్షల బైట్లును, రెండవ విధమున 2 కోట్ల బైట్లును పట్టును. పైగా, నిరుపయోగమైన వస్తువులను తొలగించు "గార్బేజ్ కలెక్టరు"నకు పని పెరుగును.

అందుచేత కొందరు పెద్ద ఇంట్ వరుస నొకదానిని ముందుగా తీసికొని, తామే పంచిపెట్టుదురు. ఇట్లు పంచు ప్రోగ్రాము భాగమునకు "అలొకేటరు" అని పేరు. ఒక్కొక్క విద్యార్థికి క్రమసంఖ్య, మార్కులు అను రెండు సంఖ్యలు కావలెననుకొందము. వరుసను రెండేసి గడుల అరలుగా విభజింపవలెను. లెక్క 0తో మొదలగును గనుక, 5వ అర యనగా 10, 11 గడులు.

ఏ అరలు ఖాళీయో తెలియుట యెట్లు? వేరు పట్టిక అక్కరలేదు. ప్రతి ఖాళీ అరలోనే తరువాతి ఖాళీ అర సంఖ్యను వ్రాసి, మొదటి ఖాళీ అర సంఖ్యను మాత్రము విడిగా నుంచుకొనవలెను. 0, 1 అరలను ఇచ్చితిమనుకొనుడు; అపుడు మొదటి ఖాళీ 2. తరువాత 0వ అర తిరిగి వచ్చినచో, అందులో 2 అని వ్రాసి, మొదటి ఖాళీని 0గా మార్చవలెను. అరలు నాలుగైనను నాలుగు లక్షలైనను పని యింతియే.

అయితే ఇచ్చట నొక అపాయము కలదు. తీసికొన్న అరను తిరిగి యీయనిచో అరలు తరిగిపోవును. ఇచ్చివేసిన పిమ్మట పాత సంఖ్యతో మరల వ్రాసినచో, ఒక బాలుని మార్కులు వేరొక బాలిక లెక్కలో చేరును. వరుస హద్దు దాటలేదు గనుక జావా దానిని తప్పని చెప్పదు; ప్రోగ్రాము ఆగదు. చోటు మిగిలెను గాని సత్యము పోయెను! 2024లో వచ్చిన జావా 22లో స్థిరపడిన "అరీనా" ఈ విషయమున మేలు: దానిని మూసినంతనే అందలి మెమరీ యంతయు విడుదలయగును, పిమ్మట దానిని ముట్టినచో జావాయే దోషమును తెలుపును.

కాబట్టి మొదట సాధారణమైన ఇంట్ వరుసనే వాడుడు. అది చాలదని కొలిచి చూచిన పిమ్మటనే అలొకేటరును నిర్మింపుడు.

అభ్యాసము: 0, 1, 2 అరలను ఇచ్చి, 1ని, పిమ్మట 0ని తిరిగి తీసికొంటిమి. ఇక రెండు అరలు కావలసినచో ఏవి, ఏ క్రమమున వచ్చును?