ఓడి గెలిచిన నగరం

ఉద్దేశం: ప్రజాస్వామ్య పద్ధతిలో గెలుపోటములను స్వీకరించవలసిన తీరును, పట్టుదల విలువను విద్యార్థులకు తెలియజేయడం.

మానవుడు తన ఊహకు విజ్ఞానశాస్త్రాన్ని తోడు చేసుకొని సృష్టించిన సాహిత్యమే విజ్ఞాన కల్పన. నక్షత్రయానాలు, యంత్రమానవులు, రాబోయే యుగాల సమాజాలు దీనికి వస్తువులు. ఈ సాహిత్యాభిమానులు 1939లో న్యూయార్క్ నగరంలో తొలి ప్రపంచ సమ్మేళనాన్ని జరుపుకొన్నారు. ‘వరల్డ్‌కాన్’ అనే ఈ సమ్మేళనం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు, ఆగిపోయింది. ఆ తరువాత ఏటా ఏదో ఒక నగరం దీనికి ఆతిథ్యమిస్తున్నది. ప్రతిష్ఠాత్మకమైన హ్యూగో పురస్కారాలు ఈ సమ్మేళనానికి చెందినవే.

పేరులో ప్రపంచం ఉన్నా, ఈ సమ్మేళనం చాలాకాలం ఆంగ్లభాషా దేశాల చుట్టూనే తిరిగింది. ఆంగ్లం ప్రధాన భాష కాని దేశాలలో 2013 నాటికి ఇది మూడు పర్యాయాలే జరిగింది. 1970లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్, 1990లో నెదర్లాండ్స్‌లోని ది హేగ్, 2007లో జపాన్‌లోని యొకహామా ఆ అవకాశం పొందిన నగరాలు.

ఆతిథ్య నగరాన్ని సభ్యులే ఓటు వేసి ఎన్నుకొంటారు. ఓటరు నగరాలకు తన ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు ఇస్తాడు. ఏ నగరానికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, అట్టడుగున నిలిచిన నగరాన్ని తొలగించి, దాని ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవాటికి పంచుతారు. ఓటు వేయడానికి రుసుము చెల్లించాలి. అయితే ఆ రుసుము వృథా కాదు. ఏ నగరం గెలిచినా, ఓటు వేసినవారందరూ ఆ నగరంలో జరిగే సమ్మేళనానికి సభ్యులవుతారు.

2015 సమ్మేళనం కోసం ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ పోటీపడింది. 1986 నుండి ‘ఫిన్‌కాన్’ పేరుతో, ప్రవేశ రుసుము లేకుండా, సాహిత్యోత్సవాలు జరుపుకొంటున్న దేశమది. 2013లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఎన్నిక జరిగింది. ఓర్లాండో, స్పోకేన్ నగరాలు ప్రత్యర్థులు. చివరి లెక్కింపులో హెల్సింకీ స్వల్ప తేడాతో స్పోకేన్ చేతిలో ఓడిపోయింది.

గెలుపు వాకిట ఎదురైన ఓటమి మనిషిని ఎక్కువగా బాధిస్తుంది. నియమాలను నిందించడానికి, ఇక పోటీయే వద్దనుకోవడానికి అదే తగిన సమయమనిపిస్తుంది. హెల్సింకీ అభిమానులు ఆ మార్గాన పోలేదు. 2017 సమ్మేళనం కోసం మళ్ళీ బరిలో నిలిచారు. ఓడినవారిని సైతం గెలిచినవారి సభకు సభ్యులను చేసే నియమం ఇక్కడ వారికి తోడ్పడింది. 2013లో హెల్సింకీకి ఓటు వేసినవారు స్పోకేన్ సమ్మేళన సభ్యులయ్యారు. 2017 వేదికను నిర్ణయించే ఓటుహక్కు ఆ సభ్యులదే.

2015లో, తమను ఓడించిన స్పోకేన్ నగరంలోనే, హెల్సింకీ విజయం సాధించింది. వాషింగ్టన్, మాంట్రియల్, జపాన్‌లోని షిజుఒకా పోటీలో ఉండగా, 1,363 ఓట్లతో తొలి లెక్కింపులోనే గెలిచింది. అదే సమ్మేళనంలో చైనా రచయిత ల్యూ త్సిషిన్ నవల ‘ది త్రీ బాడీ ప్రాబ్లం’ హ్యూగో పురస్కారం పొందింది. అనువాద నవలకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

2017 ఆగస్టులో హెల్సింకీలో 75వ సమ్మేళనం జరిగింది. ఊహించినదానికన్నా ఎక్కువమంది రావడంతో గదులు చాలక, నిర్వాహకులు అదనపు గదులు సమకూర్చవలసి వచ్చింది.

గెలిచినవాడి విందుకు ఓడినవాడూ బంధువుగా వెళ్ళగలిగే పోటీ ఆరోగ్యకరమైనది. అటువంటి పోటీలో ఓటమి వైరానికి కాక, మరొక ప్రయత్నానికి దారి తీస్తుంది.

ప్రశ్నలు
1. వరల్డ్‌కాన్ ఆతిథ్య నగరాన్ని ఎన్నుకొనే విధానాన్ని వివరించండి.
2. ఓటు రుసుము నియమం ఓడినవారికి ఏ విధంగా తోడ్పడుతుంది?
3. ‘ఓడి గెలిచిన నగరం’ అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.